మూగజీవానికి పథ్యం



ఇవాళ నేను ముచ్చటించబోయే విషయం వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చు. కుక్కకి ఎలర్జీ! "మనుషులకే దిక్కు లేదు, కుక్కకి ఎలర్జీ ఏమిటమ్మా, చోద్యం కాకపోతే!" అని మా వీధిలో ఒక పెద్దావిడ అననే అన్నారు. నవ్వితే నవ్వండి గాని, అర్ధరాత్రి మంచం కింద పరపరా గోక్కుంటూ, పాదాలు నాక్కుంటూ, మధ్య మధ్య మూలుగుతూ వున్న కుక్క ఇంట్లో వుంటే ఎవరికీ కంటిమీద కునుకు వుండదు. ఆ అవస్థ ఏమిటో ఆ ఇంటి ఇల్లాలికే తెలుస్తుంది.

నవ్వులాటకి వదిలేసే విషయం కూడా కాదిది. గోకుడు నెలల తరబడి సాగిందనుకోండి, ఏమవుతుంది? జుట్టు ఊడిపోతుంది. చర్మం నల్లబడి, ఏనుగు తోలులా మందమవుతుంది. చెవుల్లోంచి చీము, ఒంటినుంచి పులిసిన పిండి వాసన. చుట్టాలు వస్తే కుక్కని దొడ్లో కట్టెయ్యడం మొదలవుతుంది. "పిల్లలకి అంటుకుంటుందేమో" అని అత్తగారి భయం, "నెలకి ఇన్ని వందలు కుక్క మందులకా" అని ఆయనగారి విసుగు. చివరికి ఒకరోజు ఎవరో దాన్ని బండి మీద ఎక్కించుకుని ఊరవతల సంతలోనో, రైలుస్టేషను దగ్గరో దింపేసి వస్తారు. ఇంట్లో గిన్నెలో తిని పెరిగిన కుక్క వీధిలో ఎన్నాళ్ళు బతుకుతుంది చెప్పండి? ఆకలితో, దాహంతో మాడుతుందని తెలిసీ పెంచిన జంతువును అలా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. కానీ చట్టం దాకా ఎందుకు? గోకుడు ఎందుకొచ్చిందో తెలుసుకుంటే, ఇందులో చాలా కుక్కలు హాయిగా ఇంట్లోనే వుండగలవు. ఆ తెలుసుకునే పద్ధతి మనకి కొత్తది కాదు. మన అమ్మలు, అమ్మమ్మలు చేసిందే. అదెలాగో చెబుతాను.

ముందు ఎలర్జీ అంటే ఏమిటో చూద్దాం. ఈ మాటని 1906లో వియన్నా నగరపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ప్రయోగించాడు. మాట కొత్తదే గాని సంగతి మనకి ఎప్పట్నించో తెలుసు. "మా అబ్బాయికి వంకాయ పడదు", "మా చెల్లికి రొయ్యలు పడవు" అంటూంటాం కదూ, ఆ పడకపోవడమే ఇది. ఒంటికి హాని చెయ్యని పదార్థాన్ని కూడా ఒళ్ళు శత్రువనుకుని దాని మీద యుద్ధం ప్రకటిస్తుంది. మనుషులకైతే తుమ్ములు, ఆయాసం, దద్దుర్లు వస్తాయి. కుక్కకి చాలావరకు చర్మం మీదే, దురద రూపంలోనే బయటపడుతుంది. ముందుపాదాలు అదే పనిగా నాకడం, మొహాన్ని చాపకి రుద్దడం, చెవులు విదిలించడం, చంకలు, పొట్ట ఎర్రబడటం, పిర్రలు నేలకి ఈడ్చుకుంటూ నడవడం. తెల్లజుట్టు కుక్క అయితే నాకిన చోట జుట్టు ఇటికరంగుకి మారుతుంది. అది ఉమ్మి మరక.

మరి పడనిదేమిటి? కుక్కకి ముఖ్యంగా మూడు రకాల పడనివి వుంటాయి. ఒకటి, మిన్నల్లి కాటు. రెండు, తిండి. మూడు, చుట్టూ వుండే గాలి, ధూళి, పుప్పొడి, బూజు. ఒకే కుక్కకి ఈ మూడూ కలిసి కూడా వుండవచ్చు. తిండి వల్ల కొంత, ధూళి వల్ల కొంత, మిన్నల్లి వల్ల కొంత దురద చేరుతుంది. విడివిడిగా అయితే ఓర్చుకునే కుక్క, మూడూ కలిసేసరికి ఓర్చుకోలేదు. అందుకే ఒక్క మందు వేసి "తగ్గలేదు" అని నిరాశ పడకూడదు. ఒక్కొక్కదాన్నీ వరసగా పట్టుకోవాలి.

అన్నిటికన్నా ముందు పశువుల డాక్టరుగారికి చూపించండి. ఎందుకంటే గోకే ప్రతి కుక్కా ఎలర్జీ కుక్క కాదు. గజ్జి కావచ్చు, తామర కావచ్చు. ఎలర్జీ అంటుకోదు గాని గజ్జి, తామర మనుషులకి కూడా అంటుకుంటాయి. డాక్టరుగారు చర్మాన్ని కొద్దిగా గీకి భూతద్దం యంత్రం కింద చూస్తారు. జుట్టు పరీక్షిస్తారు. చెవిలోది దూదితో తీసి చూస్తారు. గోకిన పుళ్ళల్లో సూక్ష్మక్రిములు చేరి వుంటే ముందు వాటికి మందు పడాలి. అవి వున్నంతకాలం దురద వుంటుంది, అసలు కారణం బయటపడదు. ఊళ్ళో వున్న పశువుల ఆస్పత్రిలో తేలకపోతే, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోను, తిరుపతిలోను, గన్నవరంలోను పశువైద్య కళాశాలలున్నాయి. పెద్ద పరీక్షలకి అక్కడికి తీసుకువెళ్ళవచ్చు.

ఇక మొదటి దొంగ, మిన్నల్లి. కుక్క ఒంటిమీద నిదానంగా పాకేవి, రక్తం తాగి పప్పుగింజంత ఉబ్బేవి పిడుదులు. కొన్ని ఊళ్ళల్లో గోమార్లంటారు. మిన్నల్లులు వేరు. ఇవి గోధుమరంగులో సన్నగా వుండి గెంతుతాయి, పట్టుకుందామంటే చిక్కవు. మిన్నల్లి కుట్టినప్పుడు దాని ఉమ్మి చర్మంలోకి దిగుతుంది. అది పడని కుక్కకి ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. నడుము కింది భాగంలో, తోక మొదట్లో, వెనక తొడల మీద జుట్టు రాలుతోందంటే ముందు మిన్నల్లినే అనుమానించాలి. "మా కుక్క మీద ఒక్కటి కూడా కనబడలేదండీ" అంటారు. కనబడకపోవచ్చు. కుక్క నాకి మింగేస్తుంది. సన్నటి దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి తెల్లకాగితం మీద వెయ్యండి. చుట్టూ ఎర్రటి మరక దిగితే అది మిన్నల్లి మలం, అంటే కుక్క రక్తమే.

మిన్నల్లితో వచ్చిన చిక్కేమిటంటే, కుక్క మీద వుండేవి కొన్నే. ఆడ మిన్నల్లి రోజుకి 40, 50 దాకా గుడ్లు పెడుతుంది. అవి జారి చాపల సందుల్లో, పరుపుల మూలల్లో, గడప పగుళ్ళలో పడతాయి. గూడు కట్టుకున్న పురుగు నెలల తరబడి అందులోనే పడి వుండగలదు. అందువల్ల ఒక్కసారి మందు వేసి ఊరుకుంటే లాభం లేదు. డాక్టరుగారు చెప్పిన మందు నెల నెలా, కనీసం మూడు నెలలు, ఇంట్లో వున్న కుక్కలకీ పిల్లులకీ అన్నిటికీ వెయ్యాలి. అయితే కుక్క మందు పిల్లికి వెయ్యకండి. కుక్కల మందులు కొన్ని పిల్లికి విషం. గేదెలకి కొట్టే పురుగుమందు తెచ్చి చేతికొచ్చినంత కలిపి కుక్కకి పోసేవారూ వున్నారు. కుక్క నాక్కుంటుందన్న సంగతి గుర్తుంచుకోండి.

పురుగులు పోయాయి, పుళ్ళు మానాయి, అయినా గోకుడు ఆగలేదు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని లేకుండా ఏడాది పొడుగునా ఒకటే దురద. వుండి వుండి విరేచనాలు కూడా అవుతున్నాయి. అప్పుడు తిండిని అనుమానించాలి.

"చిన్నప్పట్నించీ అదే తింటోందండీ, ఇప్పుడు కొత్తగా ఎందుకు పడదూ?" అని అందరూ అడిగే ప్రశ్న. తిండి ఎలర్జీ అలాగే వస్తుంది. ఎన్నాళ్ళుగానో తింటున్న వస్తువు మీదే ఒళ్ళు తిరగబడుతుంది. 2016లో వెలువడిన ఒక సమీక్షలో 297 ఎలర్జీ కుక్కల లెక్కలు చూస్తే, గొడ్డుమాంసం పడనివి 34 శాతం, పాలు, పాల పదార్థాలు పడనివి 17, కోడిమాంసం పడనివి 15, గోధుమ పడనివి 13. బియ్యం పడనివి 2 శాతమే. అవి ఎక్కువగా విదేశీ కుక్కల లెక్కలు. గొడ్డుమాంసం సంగతి పక్కన పెట్టినా, మిగిలిన మూడూ మన ఇళ్ళల్లో కుక్కకి రోజూ పెట్టేవే కదా! పొద్దున్న పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం బిస్కట్లు, ఆదివారం కోడి. పేరు తెలియని కొత్త వస్తువు కోసం ఎక్కడో వెతకనక్కరలేదు, పళ్ళెంలోనే వుంటుంది.

దాన్ని పట్టుకోవడానికి రక్తపరీక్ష, ఉమ్మిపరీక్ష అంటూ కొన్ని వున్నాయి గాని, తిండి ఎలర్జీ విషయంలో వాటిని నమ్మడానికి లేదు. నమ్మదగిన దారి ఒక్కటే, పథ్యం. ఇక్కడే నాకు బాలింత పథ్యం గుర్తుకొస్తుంది. పురుడు వచ్చిన ఇంట్లో ఏం చేస్తారు? ముందు పాతబియ్యపు అన్నం, కారప్పొడి, నెయ్యి. అంతే. తరవాత బీరకాయ, ఆ తరవాత పొట్లకాయ, ఇలా ఒక్కొక్క కూరే చేరుస్తారు. బిడ్డకి కడుపు నొప్పి చేస్తే "నిన్న తల్లికి ఏం పెట్టారు?" అని ఆరా తీస్తారు. అన్నీ ఆపెయ్యడం, ఒకటొకటే చేర్చడం, ఏది చేర్చినప్పుడు ఏమయిందో కనిపెట్టడం. కుక్కల చర్మవైద్యులు ప్రపంచమంతటా చేసేది సరిగ్గా ఇదే.

కుక్క పథ్యం 8 వారాలు. దురద తగ్గడానికి కొన్ని కుక్కలకి మూడు నాలుగు వారాలు చాలు గాని, 8 వారాలు వుంటే పదింట తొమ్మిదింటిలో తేలిపోతుంది. రెండు పద్ధతులున్నాయి. మొదటిది, ఈ కుక్క జన్మలో ఎప్పుడూ రుచి చూడని మాంసకృత్తు ఒకటి, రుచి చూడని పిండిపదార్థం ఒకటి, రెండూ ఇంట్లో ఉడకబెట్టి పెట్టడం. కోడి, గుడ్డు, పెరుగు తిని పెరిగిన కుక్కకి కుందేలు మాంసమో, పందిమాంసమో, ఎప్పుడూ తినకపోతే ముల్లు తీసిన చేపో. దానితో చిలగడదుంప. పాలు, గొడ్డుమాంసం పడని కుక్కకి మేక, గొర్రె కూడా పడకపోవచ్చు కాబట్టి వాటిని ఎంచుకోకపోవడం మంచిది. ఉప్పు, కారం, పోపు వెయ్యకండి. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు. అవి ఎలర్జీ వున్నా లేకపోయినా ప్రతి కుక్కకీ విషమే, రక్తాన్ని విరిచేస్తాయి. ఎంత మాంసం, ఎంత దుంప అన్నది కుక్క బరువును బట్టి డాక్టరుగారిని అడగండి. ఇంటివంట 8 వారాలకి పెద్ద కుక్కకైతే ఫరవాలేదు గాని, అదే తిండి ఏళ్ళ తరబడి పెట్టాలంటే సున్నపు ధాతువు, విటమినులు కలపాలి. ఎదిగే కుక్కపిల్లకి డాక్టరు సలహా లేకుండా ఈ పథ్యం పెట్టకూడదు.

రెండో పద్ధతి, డాక్టరు రాసిచ్చే ప్రత్యేక మేత. ఇందులో మాంసకృత్తుల్ని ఒళ్ళు గుర్తుపట్టలేనంత చిన్న తునకలుగా విరగ్గొట్టి వుంచుతారు. ఖరీదు ఎక్కువే. కానీ ఇంట్లో మాంసం వండని వారికి ఇది వీలు.

ఏ పద్ధతయినా, నియమం ఒక్కటే. ఈ 8 వారాలూ పథ్యపు తిండి, మంచినీళ్ళు తప్ప దాని నోట్లోకి మరొకటి పోకూడదు. వినడానికి తేలిగ్గా వుంది కదూ? చేసి చూడండి. చంటాడి చేతిలోంచి బిస్కట్టు ముక్క రాలుతుంది. పనిమనిషి జాలిపడి చద్దన్నం పెడుతుంది. పక్కింటి తాతగారు పొద్దున్నే నాలుగు కుక్కలకి రొట్టె పెడితేగాని కాఫీ తాగరు, ఆయనకి అది పుణ్యం. మాత్ర మింగించడానికి పాలకోవాలో చుట్టి పెడతాం. నమిలి తినే పురుగుల మందుల్లో కూడా కొన్నిటిలో మాంసపు రుచి కలుపుతారు, ఆ రోజులకి అలాటిది కాని మందు అడిగి తీసుకోవాలి. ఒక్క ముద్ద చాలు, పథ్యం మళ్ళీ మొదటికి వస్తుంది.

మా వీధిలో ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. ఆరేళ్ళ లాబ్రడార్ కుక్క. రెండేళ్ళుగా గోకుడు. సూదిమందు పడితే పదిహేను రోజులు తెరిపి, మళ్ళీ మామూలే. ఇంటాయన "ఎవరికైనా ఇచ్చేద్దాం" అనే దాకా వచ్చారు. ఇవ్వడానికి తీసుకునేవాళ్ళెవరు? పిల్లలు ఏడ్చారు. ఆఖరి ప్రయత్నంగా ప్రత్యేక మేతతో పథ్యం మొదలుపెట్టారు. వాళ్ళది శాకాహారం ఇల్లు. మూడు వారాలయినా తేడా లేదు. ఆ ఇంటి కోడలు నాతో చెప్పుకుని వాపోతే, "ఇంకెవరైనా ఏమైనా పెడుతున్నారేమో చూశారా?" అన్నాను. చూస్తే అత్తగారు. రాత్రి తను తినే పెరుగన్నంలో ఆఖరి ముద్ద దానికి పెట్టకుండా ఆవిడ ఆరేళ్ళుగా చెయ్యి కడుక్కోలేదు. "నోరులేని జీవం, ఆ గవ్వల్లాంటి మేత తిని ఎలా వుంటుందే?" అని ఆవిడ బాధ.

కోడలు తెలివైన పిల్ల. దెబ్బలాడలేదు. "అత్తయ్యా, ఇద్దరు ఆడపడుచుల పురుళ్ళూ పోసి పథ్యాలు పెట్టింది మీరే కదా, దీని పథ్యం కూడా మీ చేతుల మీదే జరగాలి" అని డబ్బా తాళం ఆవిడకే ఇచ్చింది. అంతే! ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరికీ కుక్క నోటికి ఏమీ అందించే ధైర్యం లేకపోయింది. సోలతో కొలిచి పెట్టడం, పిల్లలు తినేటప్పుడు దాన్ని అవతలి గదిలో కట్టెయ్యడం, పక్కింటాయనకి చెప్పి రావడం, అంతా పెద్దావిడే. గోడకి ఒక కాలెండరు తగిలించి రోజూ దురదకి పదికి ఇన్ని అని మార్కులు వేయించారు మనవడి చేత. పథ్యం మళ్ళీ మొదలుపెట్టిన రోజు 8. ఎనిమిదో వారానికి 3.

ఇక్కడితో ఆగిపోతారు చాలామంది. ఆగకూడదు. తగ్గింది నిజంగా తిండి వల్లేనా, లేక కాలం మారడం వల్లా అన్నది తేలాలి. అందుకు పాత తిండి అంతా మళ్ళీ పెట్టి చూడాలి. బాగుపడ్డ కుక్కకి చేతులారా దురద తెప్పించడమా అని మనసొప్పదు గాని, అది చెయ్యకపోతే నిర్ధారణ లేదు. సాధారణంగా 14 రోజుల్లోపే తేలిపోతుంది. ఆ కుక్కకి నాలుగో రోజుకే మార్కులు 7కి ఎక్కాయి. మళ్ళీ పథ్యం. దిగాయి. అప్పుడు ఒక్కొక్కటే చేర్చారు. గుడ్డు రెండు వారాలు, ఏమీ కాలేదు. గోధుమరొట్టె రెండు వారాలు, ఏమీ కాలేదు. పెరుగు పెట్టిన మూడో రోజుకి చెవులు ఎర్రబడి పాదాలు నాకడం మొదలెట్టింది. పడనిది పెరుగని తేలింది. పెద్దావిడ ఒక పూటంతా మాట్లాడలేదట. మర్నాటినించి తన పెరుగన్నం వంటింట్లో తలుపు వేసుకుని తింటున్నారు, దాని మొహం చూడలేక.

మరి ఆ మిగిలిన 3 మార్కులో? అవి వానలు పడేసరికి 5 అయ్యాయి. తిండి అదే, నియమం అదే. అప్పుడు అర్థమయింది, దానికి రెండో రకం ఎలర్జీ కూడా వుందని. గాలి, ధూళి ఎలర్జీని నేరుగా చూపించే పరీక్ష లేదు. పురుగు, పుండు, తిండి అన్నీ తీసేశాక మిగిలిన దురదని బట్టి డాక్టరుగారు నిర్ణయిస్తారు. ఇది సాధారణంగా ఆరు నెలల నించి మూడేళ్ళ లోపు వయసులో మొదలవుతుంది. లాబ్రడార్, పగ్, జర్మన్ షెపర్డ్ వంటి జాతుల్లో ఎక్కువ. వంశాన్ని బట్టి వచ్చేది కాబట్టి పూర్తిగా పోదు. అదుపులో వుంచుకోవాలి. మన ఇంట్లో బి.పి. వున్నవారిని చూసుకోవడం లేదూ, అలాగ.

ఈ అదుపులో సగం పని ఇల్లాలి చేతిలోనే వుంది. ఇంటి దుమ్ములో కంటికి కనబడని పురుగులుంటాయి. తేమ వుంటే అవి పెరుగుతాయి. మన కోస్తా జిల్లాల ఉక్క వాటికి పుట్టిల్లు. కుక్క పడుకునే గుడ్డలు వారానికొకసారి బాగా వేడినీళ్ళల్లో, 60 డిగ్రీల వేడి వుంటే మంచిది, ఉతికి మండుటెండలో ఆరెయ్యండి. పాత పరుపులు, దూది బొంతలు దానికి పడకగా వెయ్యకండి. చీపురుతో ఊడ్చేటప్పుడు, బూజు దులిపేటప్పుడు కుక్కని బయటికి పంపండి. ఊడ్చడం కన్నా తడిగుడ్డ పెట్టడం మేలు. మేత సంచీ నోరు తెరిచి వుంచితే ముక్క పురుగు, బూజు చేరతాయి. మూత బిగువైన డబ్బాలో పొయ్యండి.

షికారు నించి రాగానే పాదాలు, పొట్ట తడిగుడ్డతో తుడిచి, వేళ్ళ సందులు పొడిగా ఒత్తండి. రోడ్డు పక్కన, ఖాళీస్థలాల్లో తెల్లటి సన్నపూలతో విరగబూసే వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి అంటారే, అది మనుషులకీ పశువులకీ కూడా ఒంటికి పడని మొక్క. కుక్కని అందులోకి పోనివ్వకండి. ఇంటి చుట్టూ వుంటే పూత రాకముందే, చేతులకి తొడుగులు వేసుకుని పీకించెయ్యండి.

స్నానం వారానికొకసారి చేయించవచ్చు. గోరువెచ్చని నీళ్ళే కావాలి. వేణ్ణీళ్ళు దురదని పెంచుతాయి. మన ఒంటి సబ్బు కుక్క చర్మానికి సరిపడదు. డాక్టరుగారు చెప్పిన షాంపూ పట్టించి పది నిమిషాలు వుంచి కడగాలి. ఆ పది నిమిషాలు దాన్ని నిలబెట్టడం ఒక విద్య, పిల్లల్ని సాయం పిలవండి. పడని పుప్పొడి, ధూళి చర్మం మీంచి కడుక్కుపోతాయి. చెవుల్లో కొబ్బరినూనె పొయ్యకండి. ఘాటైన క్రిమిసంహారక ద్రావకాలు, కిరసనాయిలు, బండి తాలూకు కాలిన నూనె, గంధకం కలిపిన నూనె ఒంటికి పుయ్యకండి. అవి నాక్కుని చచ్చిపోయిన కుక్కలున్నాయి.

మిగిలిన సగం డాక్టరుగారి చేతిలో వుంది. ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్ మాత్రలు దురదని చటుక్కున ఆపుతాయి. చవక కూడా. కానీ దాహం, ఆకలి, మూత్రం ఎక్కువవుతాయి. ఏళ్ళ తరబడి వాడితే ఒంటికి చేటు. చీటీ చూపించి మందుల షాపులో మళ్ళీ మళ్ళీ కొనెయ్యకండి. వాడుతున్నది ఒక్కసారిగా ఆపకండి కూడా, మెల్లిగా తగ్గించాలి. ఒక్లాసిటినిబ్ అనే మాత్ర దురద కలిగించే సంకేతాలకి అడ్డుపడుతుంది. ఏడాది నిండని కుక్కపిల్లలకి అది పనికిరాదు. లోకివెట్‌మాబ్ అనే సూదిమందు ఒకసారి వేస్తే నాలుగు నించి ఎనిమిది వారాలు పనిచేస్తుంది. పడనివాటినే అతి చిన్న మోతాదుల్లో ఎక్కించి ఒంటికి అలవాటు చేసే సూదిమందుల పద్ధతీ వుంది. ఫలితం కనబడటానికి నెలలు పడుతుంది, అన్నిచోట్లా దొరకదు. చర్మపరీక్ష, రక్తపరీక్ష పనికొచ్చేది ఇక్కడే, ఆ సూదిలో ఏమేం కలపాలో తెలియడానికి. ఏది మీ కుక్కకి తగునో వయసు, బరువు, ఇతర జబ్బులు చూసి డాక్టరుగారే చెప్పాలి. మనం వేసుకునే జలుబు మాత్ర, జ్వరం మాత్ర మాత్రం దానికి వెయ్యకండి. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుమందు కూడా సొంతంగా వాడకండి. గజ్జికి వాడే మోతాదులో అది కోలీ జాతి కుక్కల ప్రాణం తియ్యగలదు.

ఒకేసారి అన్నీ మార్చకండి, ఇది చాలా ముఖ్యం. ఇవాళ మేత మార్చి, రేపు షాంపూ మార్చి, ఎల్లుండి మాత్ర మార్చామనుకోండి, తగ్గితే దేనివల్ల తగ్గిందో తెలియదు, పెరిగితే దేనివల్ల పెరిగిందో తెలియదు. ఒక మార్పు, ఒక గడువు, ఒక రాత. చాకలి పద్దు, పాల లెక్క రాసుకునే మనకి ఇదేం పెద్ద పని కాదు. తేదీ, పెట్టిన తిండి, వేసిన మందు, స్నానం, వాన పడిందా ఎండా, దురదకి పదికి ఎన్ని మార్కులు. ఈ పుస్తకం చేత్తో పట్టుకుని వెళితే డాక్టరుగారికి సగం శ్రమ తగ్గుతుంది, మీకు సగం ఖర్చు తగ్గుతుంది. "ఎప్పట్నించి గోక్కుంటోంది?" అని ఆయన అడిగితే "చాలా రోజులయిందండీ" అని మొహమొహాలు చూసుకునే బాధ వుండదు.

ఇంట్లో మగవారు మందులు తెస్తారు, పిల్లలు షికారు తిప్పుతారు. కానీ దాని గిన్నెలో ఏం పడుతోందో, అది ఏ వేళప్పుడు ఎక్కడ గోక్కుంటోందో చూసేది మనమే. అది నోరు తెరిచి చెప్పలేదు, పక్కింటివాళ్ళు పెట్టిన ముద్దని వద్దనలేదు కూడా. అందుచేత పథ్యం మొదలుపెట్టేముందు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పండి, పనిమనిషికీ, పక్కింటివారికీ చెప్పండి. కాస్త ముద్ద పెడితే ఏమవుతుందిలే అనే పెద్దవారు ఇంట్లో వుంటే, గిన్నె, డబ్బా వారి చేతికే అప్పగించండి.

పాత నోటుపుస్తకం ఒకటి ఇంట్లో ఎక్కడో వుండే వుంటుంది. మొదటి పేజీలో ఇవాళ్టి తేదీ వేసి, నిన్నటినుంచి మీ కుక్క నోట్లోకి వెళ్ళినవన్నీ, బిస్కట్టు ముక్కతో సహా, రాయడం మొదలుపెట్టండి.

సెలవు.